సాక్రే-కర్ బసిలికా చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పారిస్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి, తెలిసినవాళ్లలో ఎవరు ఆ ఊరికి బయల్దేరినా ఒకసారి ఫోన్ చేస్తున్నారు. ఈఫిల్ టవర్ గురించి ఎవరూ అడగరు, దాన్ని వీడియోల్లో చూసేసి ఉంటారు. అనుమానాలన్నీ మోమార్త్ గుట్ట మీది తెల్ల చర్చి దగ్గరే వస్తాయి. లోపలికి రానిస్తారా, మెట్లెన్ని, ఫోటో తీసుకోవచ్చా, చేతికి దారం కడతారట నిజమేనా... ప్రతిసారీ అదే చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను.

ఇది చర్చా, కేథడ్రలా, బసిలికానా? తేడా ఏమిటి?

చర్చే. బసిలికా అనేది పోపు ఇచ్చే గౌరవ హోదా. మేజర్ బసిలికాలు ప్రపంచం మొత్తంలో నాలుగే, నాలుగూ రోమ్‌లోనే ఉన్నాయి. మిగతావన్నీ మైనర్ బసిలికాలు, సాక్రే-కర్ కూడా వాటిలో ఒకటి. కేథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే చర్చి. పారిస్‌కి అది నోత్రదామ్. సాక్రే-కర్ అంటే ఫ్రెంచిలో పవిత్ర హృదయం. మన కతోలికులు 'యేసు తిరుహృదయం' అనేది దాన్నే.

టికెట్ ఉందా? ఎప్పుడు తెరిచి ఉంటుంది?

బసిలికాలోకి టికెట్ లేదు. రోజూ ఉదయం 6:30 నుంచి రాత్రి 10:30 వరకు తెరిచే ఉంటుంది. పైన గోపురం ఎక్కాలంటే మాత్రం టికెట్ కొనాలి. దాని వేళలు వేరు, కాలాన్ని బట్టి మారుతుంటాయి, వాతావరణం బాగాలేకపోతే మూసేస్తారు. కొండ కింద గానీ మెట్ల మీద గానీ ఎవరైనా 'బసిలికా ఎంట్రీ టికెట్' అని అమ్మజూపితే నమస్కారం పెట్టి ముందుకు నడవండి.

కొండ ఎక్కడం కష్టమా?

కొండ అన్నాను గానీ నిజానికి గుట్టే. సముద్రమట్టానికి 130 మీటర్ల ఎత్తు. చుట్టూ ఊరంతా బల్లపరుపుగా ఉండటంతో అదే పెద్ద కొండలా కనిపిస్తుంది.

దారులు చాలా ఉన్నాయి. ఎక్కువమంది మెట్రో రెండో లైన్‌లో ఆన్వేర్ స్టేషన్‌లో దిగి, సావనీర్ షాపుల వీధి గుండా నడిచి కొండ కిందికి వస్తారు. అక్కడి నుంచి ఎదురుగా తోట మధ్యలో మెట్లు, ఎడమ పక్కన రూ ఫొయాత్యే మెట్లు (222, నేను లెక్కపెట్టబోయి నూటయాభై దగ్గర తప్పాను), దాని పక్కనే ఫ్యునిక్యులర్. తాడుతో లాగే చిన్న రైలు డబ్బాలాంటిది అది. 1900లో మొదలైంది, ఇప్పుడున్న డబ్బాలు చాలా కొత్తవి. 108 మీటర్ల పట్టాల మీద 36 మీటర్ల ఎత్తుకి నిమిషంన్నరలో తీసుకెళ్తుంది. నావిగో పాస్ (పారిస్ మెట్రో, బస్సుల పాస్) ఉంటే దీనికీ చెల్లుతుంది.

పన్నెండో లైన్‌లో అబెస్ స్టేషన్‌లో దిగేవాళ్లకి ఒక హెచ్చరిక. అది పారిస్ మెట్రోలో బాగా లోతైన స్టేషన్లలో ఒకటి, 36 మీటర్ల కిందుంటుంది. గోడల మీద బొమ్మలు బాగున్నాయి కదా అని గుండ్రటి మెట్లు పట్టుకున్నారా, అసలు కొండ మొదలయ్యేలోపే మోకాళ్లు మొరాయిస్తాయి. లిఫ్ట్ ఉంది, ఎక్కేయండి.

నా సలహా ఏమిటంటే, పైకి ఫ్యునిక్యులర్‌లో వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు వెనక వైపు సందుల్లోంచి నడుచుకుంటూ దిగండి. ముందు వైపు జనం, వెనక వైపు ఊరు.

పెద్దవాళ్లతో, వీల్‌చైర్‌తో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ముందు వైపు మెట్లు చూసి చాలామంది అమ్మానాన్నల్ని కిందే కూర్చోబెట్టేస్తారు, అవసరం లేదు. బసిలికా వెనక వైపు, 35 రూ దు షెవాలియే ద లా బార్ అనే చిరునామాలో లిఫ్ట్ ఉన్న దారి ఉంది. అక్కడి సిబ్బందిని అడిగితే లోపలికి పంపిస్తారు. కొండ మీది వీధులు మాత్రం రాళ్లు పరిచినవి. వీల్‌చైర్ తోసేవాళ్లకీ, పిల్లల బండి తోసేవాళ్లకీ చేతులు నొప్పి పుడతాయి. 40వ నంబరు చిన్న బస్సు కొండ మీది వీధుల్లో తిరుగుతుంది, దాంట్లో వస్తే సగం శ్రమ తగ్గుతుంది. గోపురం మాత్రం వాళ్లకి కుదరదు, దానికి లిఫ్ట్ లేదు.

ఆ వీధి పేరు వెనక ఒక కథ ఉంది. షెవాలియే ద లా బార్ అనే యువకుడు ఒక మత ఊరేగింపు వెళ్తుంటే టోపీ తీయలేదనీ, దైవదూషణ చేశాడనీ 1766లో మరణశిక్షకి గురయ్యాడు. బసిలికా వెనక వీధికే ఆయన పేరు పెట్టారంటే అది యాదృచ్ఛికం కాదు. చర్చిని వ్యతిరేకించేవాళ్లు కావాలనే పెట్టించారు. ఒకప్పుడు ఆయన విగ్రహం బసిలికా ముందే ఉండేది, తర్వాత పక్కనున్న చిన్న తోటలోకి జరిపారు.

ఏ టైమ్‌లో వెళ్తే మంచిది?

పొద్దున్నే. ఎనిమిదిలోపు. ఇందులో నాకు రెండో మాట లేదు.

సాయంత్రం సూర్యాస్తమయం బాగుంటుందని అందరూ చెప్తారు, అబద్ధం కాదు. కానీ అప్పుడు మెట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు. గిటార్లు, స్పీకర్లు, సీసాలు అమ్మేవాళ్లు, వాళ్ల వెనక పోలీసులు. మేము మొదటిరోజు సాయంత్రం వెళ్లి, లోపలికి పోయే క్యూ చూసి వెనక్కి వచ్చాం. మర్నాడు పొద్దున ఏడున్నరకి వెళ్తే తలుపు దగ్గర మా ముందు ఇద్దరే ఉన్నారు. మెట్ల మీద ఒకాయన చీపురుతో ముందురోజు జాతరంతా ఊడుస్తున్నాడు. కింద ఊరంతా పొగమంచులో ఉంది.

ఆదివారం ఉదయం 11 గంటల పూజ పెద్దది. ప్రార్థన కోసం అయితే తప్పకుండా వెళ్లండి, చూడటం కోసం అయితే ఆ వేళ వదిలేయండి.

బట్టల విషయంలో పట్టింపు ఉందా? చెప్పులు విప్పాలా?

చెప్పులు విప్పక్కర్లేదు. మొదటిసారి వెళ్లే మనవాళ్లకి గడప దగ్గర కాలు ఆగుతుంది, అలవాటు అలాంటిది. అక్కడ తీయాల్సింది తల మీది టోపీ, ముఖ్యంగా మగవాళ్లు. భుజాలు, తొడలు కనిపించే బట్టలు వద్దు. చీర, చుడీదార్, జీన్స్ ఏదైనా పర్వాలేదు. ఎండాకాలంలో పొట్టి నిక్కర్లు, స్లీవ్‌లెస్ వేసుకున్నవాళ్లు బ్యాగులో ఒక చున్నీ పెట్టుకుంటే సరిపోతుంది.

లోపల ఫోటోలు తీసుకోవచ్చా?

లేదు. వీడియో కూడా వద్దంటారు. బోర్డులు ఉంటాయి, తిరిగి చూసుకునే సిబ్బంది ఉంటారు. అయినా పదిమందిలో ముగ్గురు ఫోన్ ఎత్తుతూనే ఉంటారు. వాళ్లని చూసి మనమూ తీద్దాం అనుకోకండి. ఎందుకు వద్దంటారో తర్వాతి జవాబు చదివితే అర్థమవుతుంది.

లోపల జనం ఎప్పుడూ మౌనంగా మోకాళ్ల మీద ఎందుకుంటారు? ఏ పూజా జరగట్లేదు కదా?

ఇదే అసలు ప్రశ్న. కానీ చాలామంది అడగరు.

బలిపీఠం పైన కిరణాలున్న బంగారు రంగు పాత్ర ఒకటి కనిపిస్తుంది. దాని మధ్యలో తెల్లగా గుండ్రంగా ఉండేది దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం. అందులో క్రీస్తు నిజంగా ఉన్నాడన్నది కతోలికుల విశ్వాసం. దాని ముందు 1885 ఆగస్టు 1 నుంచి రాత్రీ పగలూ ఎవరో ఒకరు ప్రార్థిస్తూనే ఉన్నారు. అప్పటికి ఈ కట్టడం ఇంకా పూర్తి కాలేదు కూడా. 1944 ఏప్రిల్‌లో దగ్గర్లో బాంబులు పడి రంగు అద్దాల కిటికీలన్నీ పగిలిపోయిన రాత్రి కూడా ఆరాధన ఆగలేదని అక్కడివాళ్లు చెప్తారు. ఇప్పుడు మనం చూసే అద్దాలు యుద్ధం తర్వాత మళ్లీ అమర్చినవి.

అందుకే మధ్య వరుసలు ప్రార్థించేవాళ్లకి. చూడటానికి వచ్చినవాళ్లు పక్క నడవాల గుండా, బలిపీఠం వెనక నుంచి ఒక చుట్టు తిరిగి బయటికి వస్తారు. మన గుళ్లో ప్రదక్షిణ లాంటిదే అనుకోండి, దిక్కు మాత్రం వాళ్లు చూపించినట్టు వెళ్లాలి. మీకు వీలైతే చుట్టు తిరిగి వెళ్లిపోకుండా ఒక పది నిమిషాలు బల్ల మీద కూర్చోండి. మతంతో పని లేకపోయినా సరే, కూర్చున్నవాళ్లని ఎవరూ ఏమీ అడగరు.

నేను క్రైస్తవుణ్ని కాదు. పూజ జరుగుతుంటే ఉండొచ్చా?

ఉండొచ్చు. అందరూ లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. మోకరించడం మీ ఇష్టం. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: సత్ప్రసాదం పంచేటప్పుడు అందరూ లైన్లో వెళ్తున్నారని మనమూ వెళ్లి చెయ్యి చాపకూడదు. మనకి ప్రసాదం అంటే ఎవరికైనా పెట్టేదే, అక్కడ అలా కాదు, జ్ఞానస్నానం పొందిన కతోలికులకే. లైన్లోకి వచ్చేసి ఉంటే రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టుకోండి, ఫాదర్ ఆశీర్వదించి పంపిస్తారు. బల్ల మీదే ఉండిపోయినా ఎవరూ తప్పు పట్టరు.

కొవ్వొత్తి ఎవరైనా వెలిగించవచ్చు. దానికి పెట్టె దగ్గర కానుక వేయాలి, చిల్లర యూరోలు ఉంచుకోండి.

లోపల తప్పక చూడాల్సింది ఏమిటి?

తలెత్తి చూడండి, చాలు. బలిపీఠం పైన కప్పంతా ఒకే మొజాయిక్, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ. సుమారు 475 చదరపు మీటర్లు. 1922లో పూర్తయింది, లుక్-ఒలివియే మెర్సన్ గీసిన నమూనాతో చేసినది. తెల్లటి వస్త్రంలో చేతులు చాచిన క్రీస్తు, ఛాతీ మీద బంగారు హృదయం. ఇరుపక్కలా మరియమాత, మిఖాయేలు దూత, జోన్ ఆఫ్ ఆర్క్, భూగోళాన్ని సమర్పిస్తున్న పోపు 13వ లియో. వాళ్లలో మోకరించి కిరీటం అందిస్తున్న ఒక స్త్రీ ఉంటుంది, ఆవిడే ఫ్రాన్స్ దేశం.

కింద లాటిన్‌లో ఒక వరుస రాసి ఉంటుంది. 'పశ్చాత్తాపంతో, భక్తితో, కృతజ్ఞతతో ఉన్న ఫ్రాన్స్, యేసు అతిపవిత్ర హృదయానికి' అని దాని భావం. ఆ 'పశ్చాత్తాపం' అన్న మాట మీదే నూటయాభై ఏళ్లుగా గొడవ నడుస్తోంది. కింద చెప్తాను.

ఆర్గన్ అనే పెద్ద గొట్టాల వాద్యం సంగతి కూడా ఒక మాట. ప్రఖ్యాత తయారీదారు కావయే-కోల్ దాన్ని మొదట చేసింది చర్చి కోసం కాదు, ఫ్రాన్స్ నైరుతి తీరంలోని బియారిట్జ్ దగ్గర ఒక బారన్ (జమీందారులాంటివాడు) తన కోటలో వాయించుకోవడానికి. పూజ వేళలో మోగితే వినే అదృష్టం ఉండాలి.

పారిస్‌వాళ్లలో కొందరికి ఈ బసిలికా అంటే ఎందుకు పడదు?

1870లో జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో యుద్ధంలో ఫ్రాన్స్ ఘోరంగా ఓడింది. దేశం చేసిన పాపాల వల్లే ఈ గతి పట్టిందని నమ్మిన అలెగ్జాండర్ లెజాంతీ అనే వ్యాపారి, ఆయన బంధువు రోవో ద ఫ్లరీ కలిసి, తిరుహృదయానికి ఒక గుడి కట్టిస్తామని మొక్కుకున్నారు. మనవాళ్ల భాషలో చెప్పాలంటే అచ్చంగా మొక్కుబడి. ఇక్కడి వరకు ఎవరికీ పేచీ లేదు.

తర్వాత 1871 మార్చి 18న ఇదే మోమార్త్ కొండ మీద ఫిరంగుల్ని స్వాధీనం చేసుకోడానికి ప్రభుత్వ సైన్యం వచ్చింది, జనం తిరగబడ్డారు, ఇద్దరు సైన్యాధికారుల్ని కాల్చేశారు. పారిస్ కమ్యూన్, అంటే ఊరి జనం సొంతంగా నడిపిన తిరుగుబాటు ప్రభుత్వం, అలా మొదలైంది. రెండు నెలల తర్వాత ప్రభుత్వం దాన్ని వేలాదిమంది నెత్తుటితో అణిచేసింది. 1873 జూలైలో జాతీయ సభ చట్టం చేసి ఈ నిర్మాణానికి ఆమోదం తెలిపింది. స్థలం చూస్తే, తిరుగుబాటు పుట్టిన కొండే. దాంతో ఇది కమ్యూన్ మీద కట్టిన సమాధిరాయి అని వామపక్షాలు అంటూ వచ్చాయి. మొక్కు కమ్యూన్ కంటే ముందుదే కదా అని అటువైపు వాళ్లు అంటారు. తేదీలు చూస్తే రెండో మాట నిజమే. కానీ స్థలం ఎంచుకున్నది కమ్యూన్ తర్వాత, కమ్యూన్ నేరాలకి ప్రాయశ్చిత్తం అని అప్పటి సమర్థకులు కొందరు నోరారా అన్నారు కూడా. కాబట్టి కోపం గాల్లోంచి పుట్టింది కాదన్నది నా అభిప్రాయం.

గొడవ ఇంకా చల్లారలేదు. బసిలికా ముందున్న తోటకి 2004లో కమ్యూన్ నాయకురాలు లూయీజ్ మిషెల్ పేరు పెట్టారు. 2022లో బసిలికాని చారిత్రక కట్టడంగా గుర్తించినప్పుడు మళ్లీ పత్రికల్లో వాదనలు నడిచాయి. ముందు కమ్యూన్ పేరు, వెనక లా బార్ పేరు, మధ్యలో బసిలికా. ఊరు తన తగువుని వీధి పేర్లలో రాసుకుంది.

అంత తెల్లగా ఎలా ఉంది? రంగు వేస్తారా?

వేయరు. పారిస్‌కి దక్షిణంగా షాటో-లాండాన్ ప్రాంతపు గనుల నుంచి తెచ్చిన సున్నపురాయి అది. వాన నీళ్లు తగిలినప్పుడు రాయిలోంచి కాల్సైట్ పైకి వచ్చి తెల్లటి పొరలా గట్టిపడుతుంది. వానకి తడిసిన చోటల్లా తనని తానే కడుక్కుంటుందన్నమాట. దగ్గరికెళ్లి చూస్తే వాన తగలని మూలలు, చూరు కింది భాగాలు బూడిద రంగులో ఉంటాయి. అందుకే వాన పడిన మర్నాడు చూడమంటాను. వాన రోజున టూర్ పాడైందని టెన్షన్ పడేవాళ్లకి ఇది నా ఓదార్పు.

కొండ లోపల డొల్ల అంటారు, నిజమేనా?

చాలావరకు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పేరులో పారిస్ ఉన్నది ఇందుకే. ఆ ప్లాస్టర్‌కి ముడిసరుకైన జిప్సం కోసం ఈ కొండని శతాబ్దాలపాటు తవ్వారు. 1875 జూన్ 16న శంకుస్థాపన అయితే చేశారు గానీ, నేల ఇంత బరువు మోయదని తేలింది. 83 బావులు, ఒక్కొక్కటి సుమారు 33 మీటర్ల లోతున గట్టి నేల తగిలేదాకా తవ్వి, రాతి కట్టుబడితో నింపి, వాటి మీద నిలబెట్టారు. ఖర్చూ కాలమూ భూమిలోనే కలిసిపోయాయి. 78 నమూనాల పోటీలో గెలిచిన వాస్తుశిల్పి పాల్ అబాదీ 1884లోనే చనిపోయాడు. ఆయన తర్వాత ఒకరి వెనక ఒకరు కట్టుకుంటూ వచ్చారు. 1914లో పూర్తయ్యేసరికి మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ప్రతిష్ఠ 1919 అక్టోబర్ 16న జరిగింది. డబ్బంతా చందాలే, ఒక్కో రాయికి కానుక ఇచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

గోపురం ఎక్కడం దండగా?

మోకాళ్లు బాగుంటే దండగ కాదు. సుమారు 300 మెట్లు, గుండ్రంగా, ఇరుగ్గా ఉంటాయి, మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిరగడం కష్టం. ఇరుకు అంటే భయం ఉన్నవాళ్లు వద్దు. ప్రవేశం బసిలికా బయట ఎడమ వైపు నుంచి.

ఒక విషయం చాలామందికి తెలియక నిరాశపడతారు: ముందు మెట్ల మీద నిలబడితే ఈఫిల్ టవర్ కనిపించదు. పడమటి వైపు చెట్లూ ఇళ్లూ అడ్డొస్తాయి. మెట్ల మీంచి ఎదురుగా కనిపించేది పాంథియన్, నోత్రదామ్, మోంపర్నాస్ టవర్. ఈఫిల్ కావాలంటే బసిలికాకి ఎదురుగా నిలబడి ఎడమ పక్కకి, ఫ్యునిక్యులర్ పై స్టేషన్ వైపు నాలుగడుగులు వేయండి, చెట్ల సందుల్లో దొరుకుతుంది. పూర్తిగా చూడాలంటే గోపురమే దిక్కు.

చేతికి దారం కట్టేవాళ్ల సంగతేమిటి?

కొండ కింద, మెట్లు మొదలయ్యే చోట నిలబడతారు. నవ్వుతూ పలకరించి, మీ వేలికి రంగుదారం తగిలించి, అల్లడం మొదలుపెడతారు. ముడి పడ్డాక డబ్బు అడుగుతారు, ఇవ్వకపోతే చుట్టూ ముగ్గురు చేరతారు. మాతో వచ్చిన ఒకాయన, మన ఊళ్లో రక్షాకంకణం కట్టినట్టే అనుకుని తనంతట తానే చెయ్యి చాచాడు! ఇరవై యూరోలకి తెమిలింది.

చేతులు జేబులో పెట్టుకుని, ఆగకుండా, మాట కలపకుండా నడిచిపోండి. 'నో' అని ఆగి చెప్పడం కూడా వాళ్లకి మాటల్లోకి దింపే అవకాశమే. గొడవ వద్దనుకుంటే ఫ్యునిక్యులర్ ఎక్కండి, లేదా అబెస్ వైపు నుంచి రండి. అట్ట పట్టుకుని సంతకం అడిగేవాళ్లు, మూడు కప్పుల ఆట ఆడించేవాళ్లు కూడా అదే బాపతు. పైన ప్లాస్ ద్యు తెర్త్ర్ అనే చిన్న కూడలిలో స్టాండు వేసుకుని కూర్చున్న చిత్రకారులకి నగర పాలక సంస్థ అనుమతి ఉంటుంది. చేతిలో అట్టతో వెంటపడి బొమ్మ గీసేస్తానన్నవాళ్లకి దూరంగా ఉండండి. ఎవరిచేత గీయించుకున్నా ధర ముందే మాట్లాడుకోండి.

సూట్‌కేసుతో వెళ్లొచ్చా?

లేదు. గుమ్మం దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు, పెద్ద సామాను లోపలికి పోనివ్వరు, దాచిపెట్టే చోటు కూడా లేదు. హోటల్లో వదిలి రండి.

రాత్రి లోపల ఉండనిస్తారని విన్నాం...

ఉండనిస్తారు, కానీ చూడటానికి కాదు. ఆ ఆగని ఆరాధనలో రాత్రి వంతు తీసుకునేవాళ్లకి బసిలికా వాళ్లే నడిపే అతిథిగృహంలో పడక ఇస్తారు. ముందుగా పేరు నమోదు చేసుకుని, తలుపులు మూసేలోపే చేరాలి. రాత్రిలో కనీసం ఒక గంట ప్రార్థనకి ఒప్పుకోవాలి. చవకగా బస దొరుకుతుందని వెళ్లే చోటు కాదిది. భక్తి ఉన్నవాళ్లకి మాత్రం, పదిన్నర దాటాక పర్యాటకులు ఒక్కరూ లేని ఆ ఖాళీ బసిలికా మళ్లీ దొరికేది కాదు.

దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

బసిలికా పక్కనే సెయింట్-పియేర్ చర్చి ఉంది. 1147లో ప్రతిష్ఠ అయిన పాత కట్టడం. ఫోటోలు తీసుకునే జనంలో నూటికి తొంభైమంది దాని పక్కనుంచే వెళ్తూ లోపలికి తొంగి చూడరు.

కొండ దిగువన అబెస్ దగ్గర, పారిస్ తొలి బిషప్ పునీత డెనీస్ తల నరికిన చోటుగా చెప్పుకునే స్థలంలో చిన్న ప్రార్థనాలయం ఒకటి ఉంది. నరికిన తలని ఆయనే చేత్తో పట్టుకుని నడిచాడని ఐతిహ్యం. 1534 ఆగస్టు 15న ఇగ్నేషియస్ లొయోలా, మరో ఆరుగురు మిత్రులు ఆ స్థలంలోనే వ్రతం పట్టారు. యేసు సభ (జెస్యూట్ గురువుల సంఘం) పుట్టుకకి అదే మొదలు. ఆ ఏడుగురిలో ఒకరు ఫ్రాన్సిస్ జేవియర్. 1542లో ఓడ దిగి గోవాలో అడుగుపెట్టినవాడు, ఇప్పుడు ఆయన దేహం ఉన్నది అక్కడి బామ్ జీసస్ బసిలికాలో. మోమార్త్‌లోని ఆ చిన్న ప్రార్థనాలయం వారంలో కొద్ది గంటలే తెరుస్తారు, వేళ కనుక్కుని వెళ్లండి.

గంట మోగడం వినొచ్చా?

వెనక వైపు గంటగోపురంలో ఉన్న పెద్ద గంట పేరు లా సావోయార్డ్. 1891లో ఆల్ప్స్ దగ్గరి ఆనెసీ ప్రాంతంలో పోత పోశారు, బరువు దాదాపు 19 టన్నులు, ఫ్రాన్స్‌లోకెల్లా పెద్దది. రోజూ మోగేది అది కాదు, పెద్ద పండుగలకే. మిగతా రోజుల్లో వినిపించేవి దాని పక్కనున్న చిన్న గంటలు.